పెయింట్‌బాల్ పోటీ: సన్నాహం ఎదిగిన తీరు

అమెరికాలోని ఏ చిన్న ఊరి పెయింట్‌బాల్ మైదానంలోనైనా, స్థానిక టోర్నమెంట్‌లో తొలిసారి పేరు నమోదు చేసుకున్న జట్టు పోటీకి ముందు చేసే పనులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మైదానపు పటం ముందు పెట్టుకుని ఎవరు ఎటు పరుగెత్తాలో తేల్చుకోవడం, మార్కర్‌ను, అంటే రంగు గుండ్లను వదిలే వాయు తుపాకిని, విడదీసి తుడిచి అరిగిన రబ్బరు రింగులు మార్చడం, గాలి సిలిండర్‌కు పీడన పరీక్ష గడువు దాటలేదని చూసుకోవడం, గుండ్ల పెట్టెలకు ఎండా తేమా తగలకుండా జాగ్రత్తపడటం, గీతలు పడిన మాస్క్ అద్దాన్ని మార్చడం వాటిలో ముఖ్యమైనవి. ఆట పుట్టిన 1981లో వీటిలో చాలావాటి ఊసే లేదు. ఆ తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఎదురైన ఒక్కో చిక్కుకు ఒక్కో జవాబుగా ఇవి వచ్చి చేరాయి. అందుచేత పెయింట్‌బాల్ చరిత్రను విజేతల జాబితాగా కాక, పోటీకి సిద్ధపడే పద్ధతుల చరిత్రగా చదివితే, గెలుపును నిర్ణయించే అంశం అడవిని ఎరిగిన మనిషి నేర్పు నుంచి అభ్యాసానికీ, అభ్యాసం నుంచి దానికయ్యే ఖర్చుకూ ఎలా జరుగుతూ వచ్చిందో తేటపడుతుంది.

ఆటకు ముందే ఆట సామగ్రి పుట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని ఐరన్ మౌంటెన్‌లో 1940లో మొదలైన నెల్సన్ పెయింట్ కంపెనీ, కొట్టవలసిన చెట్లకూ అటవీ హద్దులకూ గురుతులు పెట్టే రంగులు తయారు చేసేది. వాగుకు అవతలి గట్టున ఉన్న చెట్టుకో, ముళ్ల పొదల నడుమ ఉన్న మానుకో దగ్గరికి వెళ్లి రంగు వేయడం అటవీ సిబ్బందికి కష్టమయ్యేది కాబట్టి, దూరం నుంచే రంగు విసిరే సాధనం కోసం కంపెనీ ప్రయత్నించింది. రంగును నింపడానికి తగిన గుల్ల మందుల పరిశ్రమలో దొరికింది. డెట్రాయిట్‌కు చెందిన రాబర్ట్ పౌలి షెరర్ 1930లలో రూపొందించిన యంత్రం, తిరుగుతున్న రెండు అచ్చుల మధ్య జెలటిన్ పొరలను నొక్కి, వాటి నడుమ ద్రవాన్ని నింపి మూసేది. చేప నూనె మాత్రలు తయారయ్యే ఆ పద్ధతిలోనే రంగు గుండు కూడా తయారయింది. గుండును వదిలే తుపాకిని 1960లలో క్రాస్‌మన్ సంస్థ చేసి ఇచ్చినా అది నిలదొక్కుకోలేదు. తర్వాత గాలి తుపాకులకు పేరుపడిన డైసీ సంస్థలో జేమ్స్ హేల్ రూపొందించిన తుపాకికి 1974లో పేటెంటు లభించింది. నెల్‌స్పాట్ 007 పేరుతో అడవులకూ పశువుల మందలకూ చేరింది అదే.

ఆ తుపాకి పనితీరు తొలినాటి ఆట స్వభావాన్ని చాలావరకు నిర్ణయించింది. పిడిలో 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పట్టే చిన్న ఉక్కు గొట్టం అమర్చాలి. ఒక గుండు వదిలాక బోల్టును చేత్తో వెనక్కి లాగి, తుపాకిని ఒరగదీసి, పైనున్న సన్నని గొట్టంలోని తర్వాతి గుండు దొర్లి లోపల పడేదాకా ఆగి, మళ్లీ బోల్టు ముందుకు తోయాలి. ఆ గొట్టంలో పట్టే గుండ్లు పదికి అటూ ఇటూ మాత్రమే. చెట్టు కదలదు కాబట్టి అటవీ సిబ్బందికి ఈ ఆలస్యం లెక్కలోనిది కాదు. కానీ మనిషిని మనిషి వెతికే ఆటలో ప్రతి గుండూ ఆచితూచి వాడవలసిన వస్తువైంది. దాంతో గురి కంటే ఓర్పుకూ, పరుగు కంటే చాటుకూ విలువ పెరిగింది.

ఈ సాధనాన్ని ఆటవస్తువుగా మార్చినవారు ముగ్గురు: న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారం చేసే హేస్ నోయెల్, దేహదారుఢ్య క్రీడాకారులపై ‘పంపింగ్ ఐరన్’ పుస్తకం రాసిన చార్లెస్ గెయిన్స్, న్యూహాంప్‌షైర్‌కు చెందిన వ్యాపారి బాబ్ గర్న్సీ. నగరంలో పోటీపడి బతికే తెలివి అడవిలోనూ మనిషిని కాపాడుతుందా, లేక అక్కడ అడవి ఎరిగినవాడిదే పైచేయి అవుతుందా అన్న వాదన వారి మధ్య చాలాకాలం సాగింది. దాన్ని తేల్చడానికి 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెన్నికర్ దగ్గరి అడవిలో 12 మంది ఆటకు దిగారు. జట్లు లేవు, ఎవరికి వారే. అడవిలో వేర్వేరు చోట్ల ఉంచిన నాలుగు రంగుల జెండాలను ఒక్కొక్కటి చొప్పున సేకరించి, ఒంటికి రంగు అంటకుండా బయటపడ్డవాడే విజేత. గెలిచింది అటవీ వృత్తిలో ఉన్న ఒక స్థానికుడు. ఆట మొత్తంలో అతడు తుపాకి ఒక్కసారి కూడా పేల్చలేదు. ఆ విజయం వెనుక పోటీ కోసం చేసిన సన్నాహమంటూ ఏదీ లేదు. నేల వాలు చూసి దారి పోల్చుకోవడం, ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా నడవడం అతని బతుకుదెరువులోనే అలవడిన విద్యలు.

ఆ ఏడాదే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో ఈ ఆట గురించి వ్యాసం రావడంతో, నియమాలు చెప్పమనీ సామగ్రి ఎక్కడ దొరుకుతుందనీ పాఠకులు అడగసాగారు. ముగ్గురు మిత్రులూ నేషనల్ సర్వైవల్ గేమ్ పేరుతో సంస్థ స్థాపించి, తుపాకి, కళ్లజోడు, దిక్సూచి వంటివి నియమావళితో కలిపి అమ్మారు. స్థలమున్నవారికి మైదానాలు నడిపే హక్కులు ఇచ్చారు. ఒంటరి ఆట జట్ల ఆటగా మారి, ఎదుటి పక్షపు స్థావరంలోని జెండాను తమ స్థావరానికి తెచ్చుకోవడం గెలుపు షరతైంది. సంస్థ తొలి జాతీయ పోటీని 1983లో నిర్వహించింది. ఆ రోజుల్లో జట్టు సన్నాహమంటే అడవి రంగుల దుస్తులు, ముఖానికి మసి, దిక్సూచి చూడటం, చేతి సైగలు, మాటు వేయడం. పోటీ జరిగే అడవి స్థానిక జట్టుకు కొట్టినపిండి, వచ్చిన జట్టుకు కొత్త. ఆ తేడాను ఎంత సాధన చేసినా పూర్తిగా పూడ్చడం వీలయ్యేది కాదు.

తర్వాతి మార్పులకు దారితీసిన తొలి చిక్కు రంగు గుండుది. చెట్టు మీద రంగు వానలకూ ఎండలకూ చెక్కుచెదరకుండా ఉండాలి కాబట్టి తొలి గుండ్లలో నూనె రంగు ఉండేది. అది బట్టలకు అంటితే టర్పెంటైన్‌తో తుడవవలసి వచ్చేది. 1980ల మధ్యనాటికి నీటితో కడిగితే పోయే రంగు రావడంతో ఆట అటవీ ప్రేమికులను దాటి మామూలు జనానికి చేరింది. పైపొర మాత్రం జెలటిన్‌గానే ఉండిపోయింది. తేమ తగిలితే ఉబ్బి మెత్తబడటం, చలికి పెళుసెక్కడం, వేడికి సొట్టపోవడం జెలటిన్ గుణాలు. గుండు వ్యాసం 0.68 అంగుళాలుగా స్థిరపడినా ఈ గుణాల వల్ల ఒకే రకం గుండ్లు కూడా ఒక పెట్టెకూ మరో పెట్టెకూ వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి. అనుభవజ్ఞులు పోటీనాటి ఉదయం చేసే పరీక్ష దీని కోసమే. మార్కర్ నుంచి బ్యారెల్‌ను, అంటే గుండు వెలువడే గొట్టాన్ని, విప్పి, వెనుక కొసలో గుండును పెట్టి చూస్తారు: దానంతటదే జారిపోతే గొట్టం వదులు, నోటితో గట్టిగా ఊదినా కదలకపోతే బిగువు, జారకుండా నిలిచి ఊదగానే బయటపడితే సరైన జోడీ. జోడీ కుదరకపోతే గుండు వేగంలో నిలకడ ఉండదు, లేదా గొట్టంలోనే పగిలి తర్వాతి గుండ్లన్నిటినీ పక్కదారి పట్టిస్తుంది. పగిలిన రంగును నిమిషంలో తుడిచే పొడవాటి స్వాబ్ ఆటగాడి నడుము సంచిలోకి చేరడం కూడా జెలటిన్ పుణ్యమే.

రెండో చిక్కు కంటిది. సుమారు మూడు గ్రాముల గుండు సెకనుకు 300 అడుగుల వేగంతో, అంటే దాదాపు 91 మీటర్ల వేగంతో తగిలితే ఒంటి మీద కమిలిన మచ్చతో పోతుంది. కంటికి తగిలితే చూపు పోవచ్చు. తొలి ఆటగాళ్లు కార్ఖానా పనివాళ్లు వాడే కళ్లజోళ్లతో సరిపెట్టుకున్నారు. వాటికి ఆవిరి పట్టగానే తుడుచుకోవడానికి తీసేవారు. ఈ యుద్ధక్రీడల్లో కళ్లకు తగులుతున్న గాయాల గురించి ఇద్దరు నేత్రవైద్యులు 1985లో కెనడా వైద్య సంఘం పత్రికలో రాశారు. ఆట మోటార్‌సైకిల్ పందేల కళ్లజోడును అరువు తెచ్చుకుని, దానికి ముఖాన్నీ చెవులనూ కప్పే తొడుగు చేర్చి, చివరకు పెయింట్‌బాల్ మాస్కులకే ప్రత్యేకంగా ఏఎస్‌టీఎం ఎఫ్1776 అనే ప్రమాణాన్ని తెచ్చుకుంది. మైదానంలో ఉన్నంతసేపూ మాస్క్ తీయరాదన్నది అన్నిచోట్లా తొలి నియమమైంది. దానితోపాటే గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ అనే పరికరం మైదానపు ముంగిట నిలిచింది. వేగం హద్దు మించిన మార్కర్‌ను రిఫరీ లోపలికి రానివ్వడు కాబట్టి, హద్దుకు కొంచెం కిందుగా వేగాన్ని సరిచేసుకుని రావడం సన్నాహంలో భాగమైంది. ఆట లేనప్పుడు పొరపాటున గుండు వెలువడినా ఆగిపోయేలా గొట్టం మూతికి తొడిగే గుడ్డసంచి కూడా ఇలాంటి భద్రతా నియమంగానే స్థిరపడింది.

మూడో చిక్కు వేగంగా పేల్చాలన్న ఆరాటం తెచ్చిపెట్టింది. బోల్టు లాగే పద్ధతికి బదులు బ్యారెల్ కింద ముందుకూ వెనక్కూ జరిపే పంపు, చిన్న గ్యాసు గొట్టానికి బదులు పెద్ద సిలిండర్, సన్నని గొట్టానికి బదులు తుపాకి నెత్తిన హాపర్ అనే గుండ్ల డబ్బా 1980లలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్‌వేన్‌లో మెషిన్ గన్ల సగం సైజు నమూనాలు తయారు చేసే టిప్‌మన్ కుటుంబం, కొత్త మెషిన్ గన్లు పౌరులకు అమ్మరాదని 1986లో చట్టం రావడంతో ఈ రంగంలోకి మళ్లింది. 1990 ప్రాంతంలో ఆటోమ్యాగ్, ఆటోకాకర్ వంటి సెమీ ఆటోమేటిక్ మార్కర్లు, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ చేతి సాయం లేకుండా తర్వాతి గుండుకు సిద్ధమయ్యేవి, వెలువడ్డాయి. అదే దశాబ్దపు రెండో భాగంలో ట్రిగ్గర్ పనిని సర్క్యూట్ బోర్డుకు అప్పగించిన మార్కర్లు వచ్చాయి. వేగం పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ లోపం బయటపడింది: సిలిండర్‌లో ద్రవంగా ఉండే ఆ వాయువు చలికి పీడనం కోల్పోతుంది, వరుసగా పేల్చినప్పుడు తానే చల్లబడి ద్రవరూపంలోనే తుపాకిలోకి జొరబడుతుంది. అందువల్ల పోటీ ఆటగాళ్లు చదరపు అంగుళానికి 4500 పౌండ్ల దాకా పీడనంతో మామూలు గాలిని నింపే సిలిండర్లకు మారారు. అంత పీడనం భరించే సిలిండర్‌కు నిర్ణీత కాలానికోసారి పరీక్ష తప్పనిసరి.

ఆయుధం ఇలా మారాక అడవి నిలవలేకపోయింది. పొదల మాటున సాగే ఆటను ప్రేక్షకుడు చూడలేడు, ఎవరికి రంగు అంటిందో రిఫరీ సరిగా గమనించలేడు, రెండు వైపులా నేల ఒకేలా ఉండదు కాబట్టి ఓడినవారు స్థలాన్ని నిందించేవారు. 1990ల మధ్యలో అమెరికాలో పెద్ద ప్లాస్టిక్ గొట్టాలతోనూ, ఫ్రాన్స్‌లో గాలి నింపిన దిండ్లతోనూ చదును నేల మీద బంకర్లు అనే కృత్రిమ చాట్లు నిర్మించే పద్ధతులు వచ్చాయి; వాటిలో గాలి బంకర్లదే పైచేయి అయింది. మైదానం మధ్య గీతకు ఇరువైపులా ఒకటి మరొకదానికి ప్రతిబింబంలా ఉండటంతో స్థలంపై నింద పోయింది. ఒక అంచున నేలబారుగా పొడవునా సాగే బంకర్ల వరుసను స్నేక్ అన్నారు. దానిలో ఆటగాడు పాకుతూ ముందుకు పోవాలి. రెండో అంచున త్రికోణాకారపు బంకర్లు నిలిచాయి, వాటిని ఆ ఆకారపు చిరుతిండి పేరుతో డొరిటో అన్నారు. అక్కడ నిలబడి పరుగెత్తాలి. ఈ రెండు అంచులకూ కావలసిన దేహాలు వేరు, నేర్పులు వేరు కాబట్టి ఆటగాడు ముందే తన పక్షాన్ని ఎంచుకుని సాధన చేయడం మొదలైంది. అడవి రంగు దుస్తుల చోటును జట్టు రంగుల జెర్సీలు ఆక్రమించాయి.

2002లో మాంట్రియల్‌కు చెందిన రిచ్‌మండ్ ఇటాలియా ప్రవేశపెట్టిన ఎక్స్‌బాల్ ఈ మార్పును పరాకాష్ఠకు చేర్చింది. ఒక్క ఆటతో ముగిసే పద్ధతికి బదులు, ఐదుగురేసి ఆటగాళ్లు పదేపదే తలపడి పాయింట్లు కూడబెట్టడం, నియమం తప్పినవారిని ఐస్ హాకీలో వలె కొంతసేపు బయట కూర్చోబెట్టడం, పక్కనుంచి కోచ్ కేకలు వేయడం దాని లక్షణాలు. రెండు పాయింట్ల మధ్య దొరికే కొద్ది వ్యవధిలో సిలిండర్ నింపాలి, మాస్క్ తుడవాలి, ఖాళీ అయిన పాడ్లను, అంటే నడుముకు కట్టుకునే 140 గుండ్ల డబ్బాలను, నింపి అందించాలి. ఈ పనికోసం ఆడని మనుషులు కూడా జట్టులో అవసరమయ్యారు. అంతకంటే పెద్ద మార్పు, పెద్ద లీగులు రాబోయే పోటీలో బంకర్లు ఎక్కడెక్కడ ఉంటాయో చూపే పటాన్ని ముందుగానే విడుదల చేయడం. పటం రాగానే దేశమంతటా మైదానాలు అదే అమరికను నిలబెడతాయి. స్థానిక టోర్నమెంట్లు కూడా తరచు దాన్నే వాడుకుంటాయి. హెన్నికర్‌లో ఒక్కడికే తెలిసిన నేల ఇప్పుడు అందరికీ ఒకే రోజున తెలుస్తుంది.

అక్కడి నుంచి సన్నాహమంటే ప్రధానంగా బ్రేకౌట్ సాధన అయింది. బ్రేకౌట్ అంటే బజర్ మోగగానే ఐదుగురూ తమ తమ బంకర్లకు పరుగెత్తే తొలి క్షణాలు. ఆ క్షణాల్లోనే ఎదుటి ఆటగాడు దాటవలసిన ఖాళీలోకి ఎడతెగని గుండ్ల ధారను పంపుతారు. దాన్ని లేన్ అంటారు. ఏ చోట నిలబడి ఏ రెండు బంకర్ల సందులోంచి లేన్ వేస్తే ఎవరి దారి మూసుకుపోతుందో పటం మీద చూసి ఊహించవచ్చు గానీ, మైదానంలో మోకాలి మీద కూర్చుని చూస్తే తప్ప నిర్ధారణ కాదు. పోటీకి ముందు జట్లు మైదానమంతా కాలినడకన తిరిగి, ప్రతి బంకర్ వెనుకా నక్కి చూసేది అందుకే.

తొలిసారి వచ్చే జట్టు ఇంత ఆరితేరిన జట్ల చేతిలో నలిగిపోకుండా ఉండటానికి డివిజన్లు పుట్టాయి. ఆటగాడు ఏ స్థాయిలో ఎన్నిసార్లు ఆడాడు, ఎంత గెలిచాడు అన్న వివరాలను గుర్తింపు కార్డు ఆధారంగా నమోదు చేసి, పై మెట్టువాడు కింది మెట్టులో దిగకుండా అడ్డుకునే ఏర్పాటు అది. కొత్తవారు సాధారణంగా అట్టడుగు డివిజన్‌లో, తక్కువ పాయింట్లకే ముగిసే మ్యాచ్‌లతో మొదలుపెడతారు. అంటిన రంగును చాటుగా తుడిచేసి ఆట కొనసాగించే దొంగాట మొదటి నుంచీ ఉన్నదే. అలా చేసినవాడితోపాటు తోటి ఆటగాణ్ని కూడా బయటికి పంపే శిక్షలతో దాన్ని కట్టడి చేశారు. అందువల్ల నియమావళి చదవడం, ఒంటికి గుండు తగిలిన అనుమానం రాగానే రిఫరీని పిలవడం కూడా అలవరచుకోవలసినవే.

పటం అందరిదీ అయ్యాక తేడా మిగిలింది సాధన ఎంత చేయగలరన్న దగ్గరే. సాధనకు గుండ్లు కావాలి. ఒక పెట్టెలో 2000 గుండ్లు ఉంటాయి. సెకనుకు పదేసి వదిలే మార్కర్‌కు 200 గుండ్లు పట్టే హాపర్ అర నిమిషం కూడా రాదు. ఎలక్ట్రానిక్ మార్కర్ల వేగానికి పెద్ద లీగులు తొలుత సెకనుకు 15 గుండ్ల హద్దు పెట్టి, తర్వాత అంచెలంచెలుగా 10.2కు దించాయి. ఇందులో భద్రతతోపాటు ఖర్చు ఆలోచన కూడా ఉంది. ఒక్క గుండూ పేల్చకుండా గెలవగలిగిన ఆట, వేల గుండ్లు కొనలేనివాడు గెలవలేని ఆటగా మారిందన్న విమర్శ ఆటగాళ్ల నుంచే వచ్చింది. దానికి ప్రతిగా పంపు మార్కర్ల పోటీలు, ఒక హాపర్‌కు మించి గుండ్లు వాడరాదన్న స్థానిక పోటీలు, సర్క్యూట్ లేని యాంత్రిక మార్కర్లతో పదిమంది జట్ల పోటీలు మళ్లీ ఆదరణ పొందాయి.

హైదరాబాద్ శివారు రిసార్టుల్లోనూ పెయింట్‌బాల్ ఉంది గానీ, అక్కడ అది ఎక్కువగా ఆఫీసు విహారయాత్రల్లో గంటసేపటి వినోదం. తుపాకి, మాస్క్, లెక్కపెట్టిన గుండ్లు నిర్వాహకులే ఇస్తారు, వచ్చినవారు డబ్బు కట్టి ఆడి వెళతారు. వినోదపు ఆటకూ టోర్నమెంటుకూ ఉన్న దూరం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది: రెండింటిలోనూ గుండు ఒకటే, మాస్క్ ఒకటే, మొదటిదానికి ముందురోజు అంటూ ఏదీ లేదు, రెండోదానిలో గెలుపోటములు చాలావరకు ముందు వారాల్లోనే తేలిపోతాయి.

ఈ పరిణామం మొత్తాన్ని బట్టి చూస్తే, గుండు వేగానికీ పేల్చే వేగానికీ హద్దులు పెట్టి, పటాన్ని బహిరంగం చేసి, ఆటగాళ్లను మెట్లుగా విడదీసిన నియమాలన్నీ ఒక్కో తేడాను తుడిచివేస్తూ వచ్చాయని చెప్పవచ్చు. డబ్బు తేడాను అవి పూర్తిగా తుడవలేకపోయినా, స్థానిక టోర్నమెంటు అట్టడుగు డివిజన్‌లో ఆ తేడా అన్నిటికంటే తక్కువగా పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ ఓడే జట్లు తరచు ఓడేది గుండ్లు చాలక కాదు, ఎదుటివాడు ఏ బంకర్ వెనుక ఉన్నాడో, ఇంకా ఎందరు మిగిలారో ఒకరికొకరు చెప్పుకోక. ప్రతి బంకర్‌కూ ఐదుగురూ ఒకే పేరు అనుకోవడానికీ, ఆ పేరు వినగానే తల తిప్పకుండా స్పందించడానికీ పైసా ఖర్చు లేదు, గుండ్లు లేకుండానే సాధన చేయవచ్చు. కొత్త జట్టు ఉన్న సమయంలో ఎక్కువ భాగాన్ని మార్కర్ల ఎంపికకు కాక ఈ కేకల సాధనకు కేటాయించడమే, ఈ ఆట ఇప్పటి రూపంలో దానికి మిగిల్చిన అత్యంత లాభసాటి సన్నాహం.